తలుపును మోయు చిరుచక్రములు

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మనలో ఒక సామెత కలదు. గడ్డిమసిని ఆముదముతో కలిపి ఇరుసునకు పూయుట మన పల్లెలలో ప్రతి బండివానికిని తెలిసిన విద్య. ఆ పూత ఎండినచో ఎడ్లకు శ్రమ, చక్రమునకు చేటు. ఊరివారికి మాత్రము సంగీతము.

అట్టి సంగీతమునే కొన్ని సంవత్సరముల క్రిందట, అమెరికాలో స్థిరపడిన మా పినతల్లి కుమారుని ఇంట వింటిని. ప్రతి ఉదయము అతడు ఉద్యోగమునకు బయలుదేరు వేళ కారు గ్యారేజీ తలుపు ఇల్లంతయు మేలుకొనునట్లు కీచుమని పైకి లేచెడిది. అది మన దుకాణములలోని చుట్టుకొను షట్టరు వంటిది కాదు. నాలుగు అడ్డుపలకలను మడతబందులతో కూర్చిన తలుపు. దాని రెండు అంచులను రెండంగుళముల చక్రములు, మొత్తము పది, అమర్చియుండును. గోడవెంట పైకి పోయి కప్పు క్రిందికి వంగిన ఉక్కుపట్టాలలో అవి దొర్లుచుండగా తలుపు లేచును, దిగును.

మావాడు నెలనెలా నూనె పోయుచునే యుండెను. అయినను ఒకనాడు ఒక చక్రము పట్టా తప్పి, తలుపు ఒకవైపునకు ఒరిగి నిలిచిపోయెను. అతని ఆరేండ్ల కుమార్తె అంతకు ఒక్క నిమిషము ముందే దాని క్రిందినుండి సైకిలు నడుపుకొనుచు బయటికి వచ్చినది. ఊడదీసిన చక్రమును చేతిలోకి తీసికొని చూచితిమి. అంచు చెక్కు చెదరలేదు. లోపలి ఉక్కుగుండ్లు మాత్రము కొన్ని అరిగినవి, కొన్ని రాలిపోయినవి. పైకి కనిపించని ఆ గుండ్లలోనే చక్రముయొక్క ఆయువు దాగియున్నదని అప్పుడు బోధపడెను.

ఈ తలుపు వయస్సు నూరేండ్లకు కొంచెము పైన. తొలినాటి కారు షెడ్లకు ప్రక్కలకు తెరచుకొను బరువైన తలుపులుండెడివి. మంచు కురిసిన ఉదయమున పారతో దారి చేసికొననిదే అవి కదలెడివి కావు. 1921లో సి. జి. జాన్సన్ అను అమెరికా దేశీయుడు పైకి లేచు తలుపును రూపొందించి, దాని చిన్న నమూనాను తన కారు వెనుక అమర్చుకొని ఊరూర తిరిగి చూపెను. 1926లో దానిని విద్యుత్తుతో ఎత్తు యంత్రమును గూడ తెచ్చెను.

తలుపుకంటె దాని చక్రములోని గుండ్ల కథ చాల పాతది. ఒరసికొని జారుటకంటె దొర్లుట సులభమని మానవుడు ఏనాడో గ్రహించెను. 1794లో వేల్సు దేశమున కార్మార్థెన్ పట్టణపు ఇనుపపోత పనివాడు ఫిలిప్ వాన్, బండి ఇరుసు చుట్టును గుండ్లను అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. 1869లో ఫ్రాన్సులో సూరిరే అను నతడు సైకిలు చక్రమునకు అట్టి బేరింగులను కూర్చెను. ఆ యేడు పారిస్ నుండి రూఆన్ వరకు జరిగిన పందెములో వాటితో నడచిన సైకిలుపై జేమ్స్ మూర్ గెలిచెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. గుండ్లన్నియు సమానముగా నుండవలెను. ఒకటి వెంట్రుకవాసి పెద్దదైనను బరువంతయు దానిమీదనే పడి, అది త్వరగా చెడును. దానితో తక్కినవియు చెడును. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ నగరమున ఫ్రీడ్రిక్ ఫిషర్ ఉక్కుగుండ్లను ఒకే కొలతకు నునుపుగా సానపట్టు యంత్రమును నిర్మించెను. 1907లో స్వీడనునందు, బట్టలమిల్లులో ఇంజనీరైన స్వెన్ వింగ్‌క్విస్ట్, ఇరుసు కొంచెము వంగినను దానికి తగినట్లు సర్దుకొను రెండు వరుసల బేరింగును కనిపెట్టెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమునకు యంత్రములన్నియు ఈ గుండ్లపైననే ఆధారపడినవి. 1943 అక్టోబరు 14న ష్వైన్‌ఫుర్ట్ కర్మాగారములపై బాంబులు వేయబోయి అమెరికా ఒక్క దినముననే 60 విమానములను కోల్పోయెను.

చక్రపు అంచు చరిత్ర వేరు. 1935లో డ్యూపాంట్ పరిశోధనశాలలో వాలెస్ కరోథర్స్ నైలానును సృష్టించెను. మేజోళ్ళకు పేరుపొందిన ఆ పదార్థము తుప్పు పట్టదు, ఉక్కుపట్టాలో మోత చేయదు. అందుచే అది ఈ చక్రములకును అంచుగా వచ్చినది.

ఇప్పుడు అంగడిలో మూడు విధముల చక్రములు దొరకును. బేరింగే లేని ప్లాస్టిక్కు చక్రము చవుక. కాని కాడను ఒరసికొని తానే అరిగిపోవును. గుండ్లు బయటికి కనిపించు ఉక్కుచక్రము గట్టిదేగాని, దుమ్ము చేరును, మోత చేయును, నూనె కోరును. నైలాను అంచు కలిగి, లోపలి గుండ్లకు రెండు ప్రక్కల మూతలున్నది మూడవది. గుండ్లు ఎక్కువైనకొలది బరువును పంచుకొనును గనుక పదమూడు గుండ్లున్న దానిని తీసికొనుట మేలు. రోజుకు నాలుగు మారులు లేచు తలుపు ఏడాదికి 1,460 మారులు లేచును. చవుక చక్రముతో మిగిలిన డబ్బు ఎన్నో ఏండ్లు నిలువదు. కాడ పొడవు పాతదానికి సరిపోవలెను. మూతలున్న చక్రమునకు నూనె అక్కరలేదు. పట్టాను పొడిగుడ్డతో తుడిచిన చాలును.

ఒక్క హెచ్చరిక. అన్నింటికంటె క్రిందనున్న రెండు చక్రముల బందులకు తలుపు బరువును లాగిపట్టు ఉక్కుతాళ్ళు కట్టియుండును. స్ప్రింగు బిగువంతయు వాటిలో నుండును. వాటిని ఇంటివారు విప్పరాదు. పని తెలిసినవానిని పిలువవలెను. 1993 నుండి అమెరికాలో తయారగు విద్యుత్ యంత్రములు అడ్డు తగిలినచో వెనుకకు మరలవలెనని చట్టము విధించినది. కాని పట్టా తప్పిన చక్రమును సరిచేయగల చట్టమేదియు లేదు.

మావాడు పది చక్రములనుగూడ మార్పించెను. మరునాటి ఉదయము అతడు ఎప్పుడు వెళ్ళినదియు ఇంటిలో నిద్రించుచున్న మాకెవరికిని తెలియలేదు.