మూడో తరగతి నుంచే

హైదరాబాద్‌లోని ఏ.ఎస్. రావు నగర్‌కు పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీలోనూ, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లోనూ చదువుకుని, 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. ఆ సంస్థ ఎన్నో ఘనకార్యాలు చేసింది. వాటిలో నా మనసుకు దగ్గరది 1975 నాటిది. ఆ ఏడు ఆగస్టు 1 నుంచి అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు మన దేశం టీవీ పాఠాలు పంపింది. ఆ పల్లెల్లో పెట్టిన టీవీలు ఈసీఐఎల్‌లో తయారైనవే. పొద్దుటి ప్రసారమంతా ప్రాథమిక బడి పిల్లలకే. అందులో తెలుగు వంతు ఇరవై రెండున్నర నిమిషాలు. పాఠం అయిపోగానే పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పక్కనే పంతులుగారు ఉండేవారు. ఆ పంతుళ్లకు కూడా అదే ఉపగ్రహం మీదుగా శిక్షణ ఇచ్చారు. ఆనాటి మన పెద్దలు ముందుగా చేయి చాచింది పలక పట్టే పసివాళ్ల వైపు.

నలభై ఐదేళ్ల తర్వాత ఆ పసివాళ్లే చేయి జారిపోయారు.

కరోనా వల్ల 2020 మార్చి 16న తెలంగాణలో బడులు మూతపడ్డాయి. పదిహేను రోజులేనన్నారు. పిల్లలు సంచులు మూలన పడేసి సంబరపడ్డారు. వారం తిరిగేసరికి లాక్‌డౌన్ వచ్చింది. ఏ.ఎస్. రావు నగర్ పక్కన, ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సులు లేవు. రాధిక థియేటర్ వైపు ఎప్పుడూ కిక్కిరిసి ఉండే రోడ్డు మీద పోలీసు జీపులు తప్ప మరేవీ తిరగలేదు. జూన్ వచ్చింది, బడిగంట మోగలేదు. ప్రైవేటు స్కూళ్లు ఆన్‌లైన్ మొదలుపెట్టాయి. అపార్ట్‌మెంట్లలో పై అంతస్తుల పిల్లలకు ల్యాప్‌టాప్ ఉంది, వైఫై ఉంది, పక్కన కూర్చునే తాతగారు ఉన్నారు. ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీర్లు మనవడి చేత 'క' గుణింతం దిద్దించిన ఇళ్లు ఏ.ఎస్. రావు నగర్‌లో తక్కువేమీ కాదు. అదే భవనంలో, కింద పార్కింగ్ పక్కనున్న గదిలో ఫోన్ ఒక్కటే. అది తండ్రి జేబులో ఉండేది. దగ్గర్లోని చర్లపల్లి, కుషాయిగూడ కార్ఖానాలు మళ్లీ తెరుచుకున్నాక, ఆ ఫోను పొద్దున్నే ఆయనతోపాటే పనికి వెళ్లిపోయేది. రాత్రి తిరిగొచ్చేసరికి టీచరు పంపిన హోంవర్కు ఉండేది, చేయించే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఆ గదిలోని తల్లిని నేను తప్పుపట్టను. నాలుగిళ్లలో అంట్లు తోమి వచ్చిన మనిషి, తను ఎన్నడూ చదవని ఇంగ్లీషు వాచకాన్ని బిడ్డకు ఎలా చెప్పగలదు?

సర్కారు బడి పిల్లల కోసం 2020 సెప్టెంబరు 1న రాష్ట్ర ప్రభుత్వ చానల్ టీశాట్‌లోనూ, దూరదర్శన్ యాదగిరిలోనూ డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి పదో తరగతి వరకు. ఆ పాఠాల వెనుక టీచర్ల కష్టం ఉంది, కాదనను. కానీ ఆ "మూడో తరగతి నుంచి" అన్న మాట దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. ఒకటి, రెండు తరగతుల పిల్లలు టీవీ ముందు కుదురుగా కూర్చోరని అనుకుని ఉండవచ్చు. నిజమే, కూర్చోరు. ఆరేళ్ల బిడ్డకు అక్షరం రావాలంటే వేళ్ల మధ్య బలపం సరిగ్గా పెట్టేవాళ్లు కావాలి. 'మ' రాయబోయి 'య' రాసినప్పుడు చెరిపి మళ్లీ రాయించేవాళ్లు కావాలి. ఒత్తు తప్పు పలికితే వెంటనే వినే చెవి కావాలి. టీవీ వినదు, చెబుతుంది అంతే. మరి అలాంటప్పుడు అందరికన్నా ముందు మనిషిని పంపాల్సింది వాళ్ల దగ్గరికే గదా. అదే ఏడు జార్ఖండ్‌లోని దుమ్కా జిల్లాలో ఒక బడి పెద్ద, ఇళ్ల గోడల మీద నల్లబల్లలు వేయించాడు. ఎవరి ఇంటి అరుగు దగ్గర వాళ్లను దూరదూరంగా కూర్చోబెట్టి వీధిలోనే పాఠం చెప్పాడు. కావాలనుకుంటే దారి ఉంది.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. ఆ నెలాఖరులో ఆరు, ఏడు, ఎనిమిది. ప్రాథమిక తరగతుల వంతు రానే లేదు. మార్చి 24 నుంచి మళ్లీ అన్నీ మూత. కరోనా రెండో అల ఎన్ని ఇళ్లలో దీపాలార్పిందో చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో బడి గురించి అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఈలోగా ఇంకొకటి కూలిపోయింది. అద్దె ఇళ్లలో నడిచే చిన్న స్కూళ్లు, నగరంలో ఏ పేటకాపేటలో ఉండేవి. కింద ఎల్‌కేజీ, పైన ఐదో తరగతి, మధ్య మెట్ల మీద చెప్పుల వరుస. నెలనెలా వచ్చే ఫీజులతోనే అద్దె, జీతాలు. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది: ఫీజులు పెంచకూడదు, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలవారీగా తీసుకోవాలి. తల్లిదండ్రులకు ఆ మాత్రం ఊరట న్యాయమే. అయితే పని పోయిన ఇంట్లో ఆ ఫీజు కూడా పుట్టలేదు. పెద్ద స్కూళ్లు తట్టుకున్నాయి. చిన్నవాటిలో ఎన్నో బోర్డులు దిగిపోయాయి. ఏళ్ల తరబడి పసిపిల్లల చేత అఆలు దిద్దించిన టీచర్లు కూరగాయల బండ్లు పెట్టుకున్నారు, కుట్టుమిషన్లు ఎక్కారు, కూలికి వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. నిన్నటిదాకా పిల్లలు "మిస్, మిస్" అని చుట్టూ మూగిన మనిషి రేషన్ దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడింది. బియ్యం ఇచ్చినందుకు దండం పెడతాను. ఆమెను ఆ వరుసలో నిలబెట్టిన ఏడాదిని మాత్రం మరిచిపోలేను.

2021 సెప్టెంబరు 1న బడులు తెరుచుకున్నాయి. 2020 జూన్‌లో ఒకటో తరగతికి పేరు రాయించుకున్న పిల్ల, మొదటిసారి తరగతి గదిలో కూర్చునేసరికి రెండో తరగతి. ఆమె చేతికిచ్చింది రెండో తరగతి వాచకమే. మళ్లీ 2022 జనవరిలో ఒమిక్రాన్ వల్ల మూడు వారాలకు పైగా సెలవులు. జూన్‌లో మూడో తరగతి.

ఆ సంవత్సరమే, పిల్లల చదువు ఏపాటిదో కొలిచే అసర్ సర్వే వాళ్లు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల చేత చదివించి చూశారు. తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవాళ్లు 2018లో నూటికి 18.1 మంది. 2022లో 5.2. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు పడిపోయింది. 2018 లెక్క కూడా గొప్పదేమీ కాదు. ఉన్న ఆ కాస్తా పోయింది. తెలంగాణ లెక్కలోని ఆ మూడో తరగతి పిల్లలు ఎవరో కాదు, "మూడో తరగతి నుంచి" అన్నప్పుడు గీతకు అవతల ఉండిపోయిన ఒకటో తరగతి వాళ్లే.

2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం 'తొలిమెట్టు' పేరుతో ప్రాథమిక పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు మొదటి నుంచి నేర్పే పని చేపట్టింది. ఆలస్యమైనా మంచి పని. 2020లో ఒకటో తరగతిలో చేరిన ఆ పిల్లలు ఎక్కడా తప్పకుండా సాగితే 2030లో పదో తరగతి పరీక్ష రాయాలి. ఇప్పటికీ వాళ్లలో కూడబలుక్కుంటూ చదివే పిల్లలున్న ప్రతి బడికీ, ఒక పూట పక్కన కూర్చుని వాళ్ల చేత చదివించే మనిషి కావాలి.