గ్రహకూటమియు, మహామారియు

1348వ సంవత్సరము అక్టోబరు మాసమున పారిస్ విశ్వవిద్యాలయమందలి వైద్యపండితులు ఫ్రాన్సు రాజైన ఆరవ ఫిలిప్పునకు ఒక నివేదిక సమర్పించిరి. ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టుచున్న మహామారికి మూలకారణమేమని రాజు వారిని అడిగియుండెను. 1345 మార్చి 20వ తేదీ మధ్యాహ్నము దాటిన పిమ్మట శని, గురు, కుజులు మువ్వురును కుంభరాశియందు కూడిరి. గురుడు భూమినుండి దుష్టవాయువులను పైకి లాగెను. కుజుడు వానిని రగుల్కొల్పెను. ఆ విషవాయువే మానవుల గుండెలను సోకినది. ఇదియే పండితుల నిర్ణయము.

ఈ మాట విని నవ్వుట మనకు సులభము. కాని వారు సంతలో చేయి చూచి జోస్యము చెప్పువారు కారు. మధ్యయుగమున జ్యోతిషము విశ్వవిద్యాలయములలో బోధించిన శాస్త్రము. నెత్తురు తీయుటకు ముందు వైద్యుడు చంద్రుడే రాశియందున్నాడో చూచుకొనెడివాడు. భూతప్రేతములను పిలుచు మంత్రవిద్యను మతాధికారులు మహాపాపముగా నెంచిరి. ఓషధులయందును, రత్నములయందును దాగియున్న శక్తిని వాడుకొనుట తప్పు కాదని మాత్రము కొందరు పండితులు వాదించిరి. ఈ రెంటికిని నడుమ హద్దెక్కడనునది ప్రాణాంతకమైన ప్రశ్న. చెక్కో దాస్కోలి యను జ్యోతిషపండితుని 1327లో ఫ్లారెన్సు నగరమున సజీవదహనము చేసిరి.

ఈ విద్య వారికి అరబ్బుల ద్వారా వచ్చినది. 762లో ఖలీఫా అల్ మన్సూరు బాగ్దాదు నగరమునకు పునాది వేయుటకు జ్యోతిష్కులచే ముహూర్తము పెట్టించెను. గురుశనులు ఇంచుమించు ఇరువది ఏండ్లకొకసారి కలియుదురు; ఆ కలయికలే రాజ్యముల, మతముల ఉత్థానపతనములకు సూచనలని 9వ శతాబ్దివాడైన అబూ మాషర్ బోధించెను. ఆయన గ్రంథములు 12వ శతాబ్దిలో లాటిను భాషలోనికి వెళ్ళినవి. మన హోరాశాస్త్రమందలి ద్రేక్కాణముల రూపవర్ణనలు గూడ ఆయన గ్రంథము వెంట ప్రయాణము చేసి, 15వ శతాబ్దిలో ఇటలీలోని ఫెరారా నగరమున ఒక రాజభవనపు గోడలపై చిత్రములై వెలసినవి.

1186 సెప్టెంబరులో గ్రహములన్నియు తులారాశియందు చేరుననియు, ప్రచండవాతములు, భూకంపములు లోకమును ముంచుననియు యూరపంతట లేఖలు వ్యాపించినవి. గ్రహములు చేరినవి, ప్రళయము రాలేదు. అయినను జ్యోతిషమునకు గౌరవము తగ్గలేదు. ఏల? గణితము చెప్పిన దినమున గ్రహములు కూడుట అందరును చూచిరి. గణితము సంపాదించిన పరపతిని ఫలభాగము అప్పు తెచ్చుకొన్నది. గ్రహగతుల నిష్పత్తులే కచ్చితముగా తెలియరానివి కావచ్చును గదా, ఇక ఫలితము నెట్లు చెప్పుదురని 14వ శతాబ్దిలో నికోల్ ఒరేమ్ అను ఫ్రెంచి పండితుడు గణితముతోనే జ్యోతిష్కులను నిలదీసెను.

దక్షిణ ఫ్రాన్సున నివసించిన లెవీ బెన్ గెర్సోన్ అను యూదు పండితుడు 1345 నాటి కూటమిని ముందే గణించి ఫలము వ్రాసి, 1344లో మరణించెను. మహామారి వచ్చినపుడు జనులకు ఆకాశముపై నెపము చాలలేదు. యూదులు బావులలో విషము కలిపిరను వదంతి పుట్టినది. యూదులును ఈ వ్యాధిచేతనే చచ్చుచున్నారు గదా యని పోపు ఆరవ క్లెమెంటు 1348లో శాసనములు పంపెను. వినువారు లేకపోయిరి. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గు నగరమున వందలకొలది యూదులను కాల్చిచంపిరి. ఏ జాతి పండితుని గణితమును గౌరవించిరో ఆ జాతినే చితిపై నిలిపిరి.

అసలు కారణము గ్రహములలో లేదు, బావులలోను లేదు. 1894లో హాంకాంగున యెర్సిన్ అను వైద్యుడు ఆ వ్యాధి సూక్ష్మజీవిని కనుగొనెను. ఎలుకల పురుగుల ద్వారా అది మనుజులకు సోకునని పిమ్మట తేలినది.

1962 ఫిబ్రవరిలో అష్టగ్రహకూటమి సంభవించినపుడు మన దేశమున ఊరూరను హోమములు జరిగినవి. ఆ దినములును సుఖముగా గడచినవి. కావున పారిస్ పండితులను చూచి మనము మిక్కిలి నవ్వరాదు. కారణము తెలియని కష్టము వచ్చినపుడు ఏదో యొక కారణము కావలెనని మనస్సు ఆరాటపడును. ఆ ఆరాటము ఆకాశమును నిందించినంతకాలము నష్టము కొంచెమే; పొరుగువానివైపు వ్రేలు చూపిననాడే దేశమునకు నిజమైన అరిష్టము.