మంట మీద మంచుగడ్డ

ప్రయాణంలో ఐసు అంటే మా చిన్నప్పుడు ఒకటే లెక్క. పెళ్ళింటికి బస్తీ నుంచి ఐసుదిమ్మ తేవాలంటే ఊకలో పొర్లించి, గోనెపట్టా చుట్టి, బస్సు టాపు మీద వేసేవారు. సగం దారిలోనే కారిపోయేది. మిగిలిన సగంతోనే మగపెళ్ళివారికి షర్బత్తు.

అలాంటి నేను, ఆ మధ్య అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు బండిలోనే ఐసు తయారవుతుంటే నోరు వెళ్ళబెట్టాను. ఆ బండిని అక్కడ ఆర్.వి. అంటారు. వంటిల్లు, పడకలు, స్నానాలగది అన్నీ ఉన్న బస్సనుకోండి. మా అల్లుడుగారు నాలుగు రోజులకి అద్దెకి తెచ్చారు. రెండోరోజు రాత్రి ఓ ఏటవాలు చోట ఆపి పడుకున్నాం. తెల్లారి చూస్తే కొత్తగా ఒక్క ఐసుముక్క రాలలేదు. ఉన్నవి కరుగుతున్నాయి.

"పోనీలెండి, ఐసు లేకపోతే ఏం" అన్నాను.

"ఐసు సంగతి కాదండీ అత్తయ్యగారూ, మామయ్యగారి ఇన్సులిన్ అందులోనే ఉంది!" అన్నారాయన.

నా గుండె గుభేలుమంది. మిగిలిన ఐసుముక్కల్ని సంచిలో కట్టి, తువ్వాలు అడ్డంపెట్టి మందుని పక్కన ఉంచాను. ఇన్సులిన్ చల్లగా ఉండాలి గాని గడ్డ కట్టకూడదు కదా! ఈలోగా ఆయన బండిని చదునునేల మీదికి తెచ్చి, మేస్త్రీలాగా రసమట్టం పెట్టి సరిచూశారు. సాయంత్రానికి టకటకా ఐసుముక్కలు రాలాయి.

బండి ఒరిగితే ఫ్రిజ్‌కి రోగమెందుకు? దానికో కథ ఉంది.

ఒకప్పుడు ఐసు చేసేవారు కాదు, మోసుకొచ్చేవారు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్ని దిమ్మలుగా కోయించి, రంపపుపొట్టులో పొదిగి ఓడలకెక్కించేవాడు. 1833 మే నెలలో 'టస్కనీ' అనే ఓడ సుమారు 180 టన్నులతో బయలుదేరి, నాలుగు నెలలకి కలకత్తా చేరింది. అప్పటికీ 100 టన్నుల దాకా మిగిలింది! మా ఊకదిమ్మ కంటే ఎంతో నయం. మద్రాసులో ఆ ఐసు దాచడానికి కట్టిన ఐస్‌హౌస్ సముద్రపుటొడ్డున ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసింది అందులోనే. ఐసు చేసే యంత్రాలు వచ్చాక ఆ బేరం కాస్తా కరిగిపోయింది.

యంత్రాలు ఊళ్ళోకొచ్చాయి గాని బండెక్కలేదు. కరెంటుతీగ బండి వెంట రాదుగా! తొలినాటి విహారపు బళ్ళలో ఓ ఐసుపెట్టె, అందులో కొనుక్కొచ్చిన దిమ్మ, అంతే.

1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు, బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్, మోటారు లేని ఫ్రిజ్ కనిపెట్టారు. నీళ్ళలో కలిసిన అమోనియాకి చిన్న మంట తగిలిస్తే అది ఆవిరై విడిపోతుంది. పైకి పోయి చల్లబడి ద్రవమవుతుంది. గొట్టాల్లో మళ్ళీ ఆవిరయ్యేటప్పుడు ఫ్రిజ్‌లోని వేడిని లాక్కుంటుంది. ఆఖరికి నీళ్ళలోనే కలుస్తుంది. గ్యాసుబండ ఉంటే అడవిలోనైనా ఐసే! కాని లోపల పంపు లేదు. ద్రవాలు వాటంతటవే పల్లానికి జారాలి. బండి ఒరిగితే దారిలోనే నిలిచిపోతాయి. అలాగే వాడితే ఫ్రిజ్ పూర్తిగా పాడయినా పాడవుతుంది. ఇప్పుడు కొత్తబళ్ళలో కంప్రెసర్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి, వాటికింత పట్టింపు లేదు.

ఐసు చేసే మరకి మాత్రం వంటింటి శుభ్రమే ప్రాణం. గొట్టంలోంచి అచ్చులోకి కొలతగా నీళ్ళు దిగుతాయి. గడ్డకట్టాక అడుగున కాస్త వేడి తగిలి, ముక్కలు ఊడి డబ్బాలో పడతాయి. డబ్బా నిండితే ఓ తీగ పైకి లేచి మరని ఆపేస్తుంది. చాన్నాళ్ళు వాడని బండైతే ముందు నీళ్ళ ట్యాంకు కడగాలి. మొదటి విడతల ఐసు పారబొయ్యాలి. చలికాలానికి బండి పక్కన పెట్టేముందు గొట్టంలో చుక్క లేకుండా తీసెయ్యాలి. లేకపోతే ఆ నీళ్ళే గడ్డకట్టి, ఉబ్బి, గొట్టాన్ని చీల్చేస్తాయి.

బండి అప్పగించేటప్పుడు మావారు రసమట్టాన్ని చేతిలోకి తీసుకుని, "నా మందుని కాపాడింది ఇదన్నమాట" అని మురిసిపోయారు. పూటంతా తువ్వాలు చుట్టుకుని కాపలా కూర్చున్న నా మాట మాత్రం ఎత్తలేదు సుమండీ!