పాత పైలాన్ రేసింగ్ నమూనా విమానం పునరుద్ధరణ

పైలాన్ రేసింగ్ నమూనా విమానం అనగా, నేలమీది నుండి రేడియో ద్వారా నడుపుతూ పైలాన్లు అనబడే స్తంభాల చుట్టూ పందెంలో ఎగురవేసే చిన్న విమానం. ఏళ్ళ తరబడి అటకమీద పడి ఉన్న ఇటువంటి విమానాన్ని మరల ఎగరడానికి తగినట్లు చేయడమే పునరుద్ధరణ. ఈ పనిలో పైకి కనిపించేవి విరిగిన చెక్క, చిరిగిన పొర, వెలిసిన రంగు. కాని విమానం క్షేమంగా దిగుతుందా లేదా అన్నది ప్రధానంగా దాని తూకంపై ఆధారపడి ఉంటుంది. గరిమనాభి ఎక్కడ ఉండాలో పాత ప్లాను చెబుతుంది. ఇప్పుడు ఎక్కడ ఉన్నదో మాత్రం పని పూర్తయ్యాక కొలిస్తేనే తెలుస్తుంది, ఎందుకంటే ప్రతి మరమ్మత్తూ దానిని కొంత జరుపుతుంది.

నేపథ్యం

స్తంభాల చుట్టూ పందాలు మొదట మనుషులు నడిపే విమానాలతోనే జరిగాయి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరం 1929 నుండి ఈ పందాలకు పేరు పొందింది. 1947లో అక్కడ చిన్న ఇంజన్లు గల విమానాల కోసం గుడ్‌ఇయర్ ట్రోఫీ పందెం మొదలయింది. నెవాడా రాష్ట్రంలోని రీనోలో 1964లో ఆరంభమైన పందాలు 2023 వరకు అక్కడ జరిగాయి. గుడ్‌ఇయర్ పందెపు విమానాల పోలికలతో తయారైన నమూనాలే రేడియో నియంత్రిత పందాలలో ఒక ముఖ్యమైన తరగతికి మూలం.

ఆ నమూనాలు ఖరీదైనవి, నడపడం కష్టం. అందువలన సులభంగా తయారు చేసుకోగల సాదా విమానాలకు ఆదరణ పెరిగింది. వీటిలో గ్లెన్ స్పిక్లర్ రూపొందించిన క్వికీ 500 ప్రసిద్ధమైనది. రెక్క వైశాల్యం 500 చదరపు అంగుళాలు కావడం వలన దానికి ఆ పేరు వచ్చింది, తరువాత అదే ఒక పందెపు తరగతి పేరయింది. రెక్క పొడవు 50 అంగుళాలు (127 సెం.మీ.), వెడల్పు 10 అంగుళాలు (254 మి.మీ.). ఇంజను సుమారు 6.5 ఘన సెంటీమీటర్లది. అంతర్జాతీయ ఎఫ్3డి తరగతిలో మూడు స్తంభాల త్రిభుజం చుట్టూ 400 మీటర్ల చుట్లు పది తిరగాలి. మలుపులన్నీ ఎడమవైపుకే ఉంటాయి.

పరిశీలన

మొదట విమానాన్ని ఉన్నదున్నట్లుగా తూచి, గరిమనాభిని కొలిచి రాసుకోవాలి. ఈ రెండు అంకెలు లేకుండా పని మొదలుపెడితే, చివరకు బరువు ఎక్కడ ఎంత పెరిగిందో తెలుసుకునే దారి ఉండదు.

గ్లో ఇంజన్లకు మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనం వాడతారు. ఆ నూనె చాలాకాలం ఆముదమే. ఇంజనులో మిగిలిపోయిన ఆముదం ఏళ్ళు గడిచే కొద్దీ బంకగా మారి పిస్టన్‌ను పట్టేస్తుంది. అటువంటి ఇంజనును బలవంతంగా తిప్పకూడదు. వేడిగాలి తగిలిస్తే బంక కరిగి దానంతట అదే వదులవుతుంది. బేరింగులు తుప్పు పట్టి ఉంటే మార్చవలసిందే.

ఇంతకంటె ప్రమాదకరమైనది చెక్కలోకి ఇంకిన నూనె. ఇంజనును బిగించే ప్లైవుడ్ గోడ, దాని వెనుక బాల్సా చెక్క నూనె పీల్చి నల్లబడతాయి. నూనె ఉన్న చెక్కకు ఎపాక్సీ అంటుకోదు, అంటుకున్నట్లు కనబడుతుంది అంతే. టాల్కం పౌడరు లేదా మొక్కజొన్న పిండి పరచి నూనెను పీల్చవచ్చు. ఎసిటోన్‌తో పలుమార్లు తుడవవచ్చు. అప్పటికీ చెక్క మెత్తగా ఉంటే ఆ భాగాన్ని కోసి కొత్త చెక్క అతకడమే మేలు.

రెక్క మధ్య అతుకును ప్రత్యేకంగా చూడాలి. సెకనుకు 50 మీటర్ల వేగంతో (గంటకు 180 కి.మీ.) 15 మీటర్ల వ్యాసార్ధంలో మలుపు తిరిగే విమానంపై గురుత్వ త్వరణానికి సుమారు 17 రెట్ల త్వరణం పనిచేస్తుంది. 1,800 గ్రాముల విమానాన్ని ఆ క్షణంలో రెక్క 30 కిలోల బరువుగా మోస్తుంది. పాత జిగురు పెళుసెక్కి ఉంటే రెక్క మడతపడేది అక్కడే. అతుకు చుట్టూ గ్లాస్ ఫైబర్ పట్టీని ఎపాక్సీతో అంటించడం వాడుకలో ఉన్న పద్ధతి. రెక్కను దేహానికి పట్టి ఉంచే నైలాన్ బోల్టులు చవకైనవి, వాటిని చూడకుండానే మార్చవచ్చు.

ఐలరాన్లు, ఎలివేటర్ కీలులను ఒక్కొక్కటిగా లాగి చూడాలి. కీలులోగాని, సర్వో నుండి వచ్చే కడ్డీలోగాని వదులు ఉంటే అధిక వేగంలో ఫ్లట్టర్ అనే కంపనం పుడుతుంది. అది క్షణాలలో ఎలివేటర్‌ను ఊడబెరకగలదు. నేలమీద చేతికి తెలిసీ తెలియనంత వదులు గాలిలో విమానాన్ని పోగొట్టిన సందర్భాలు ఈ క్రీడలో కొత్త కాదు.

ముందు వెనుకల తూకం

సాదా దీర్ఘచతురస్రాకార రెక్క గల విమానానికి గరిమనాభి సాధారణంగా రెక్క ముందు అంచు నుండి వెడల్పులో 25 నుండి 30 శాతం దూరంలో ఉండాలి. 254 మి.మీ. రెక్కకు ఇది 64 నుండి 76 మి.మీ. అవుతుంది. అంతకంటె ముందుకు ఉంటే విమానం మందంగా తిరుగుతుంది, దిగేటప్పుడు ముక్కు వాలుతుంది. వెనుకకు పోతే ఎలివేటర్ మితిమీరి చురుకవుతుంది. మలుపులో కొద్దిగా లాగగానే రెక్క గాలిపట్టు తప్పి విమానం మెలితిరిగి పడిపోవచ్చు. ముక్కు బరువైన విమానం వికారంగా ఎగురుతుందని, తోక బరువైనది ఒక్కసారే ఎగురుతుందని నమూనా విమానాల వారిలో ఒక మాట ఉన్నది.

పునరుద్ధరణలో తూకం తప్పేది దాదాపు ఎప్పుడూ తోకవైపుకే. 1,800 గ్రాముల బరువు ఉండి, గరిమనాభి 71 మి.మీ. వద్ద ఉన్న విమానాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. తోక మరమ్మత్తులో చెక్క, జిగురు, రంగు కలిసి 20 గ్రాములు పెరిగాయనుకుందాం. ఆ చోటు గరిమనాభికి 600 మి.మీ. వెనుక ఉంటే భ్రామకం 12,000 గ్రా.మి.మీ. ముక్కు భాగంలో 150 మి.మీ. ముందున్న పాత నికెల్-కాడ్మియం బ్యాటరీ స్థానంలో 50 గ్రాములు తేలికైన కొత్త బ్యాటరీ పెడితే మరొక 7,500 తోకవైపుకు చేరుతుంది. మొత్తం 19,500ను కొత్త బరువు 1,770తో భాగిస్తే 11 మి.మీ. వస్తుంది. అనగా గరిమనాభి 82 మి.మీ.కు, రెక్క వెడల్పులో 32 శాతానికి పైగా, జరిగింది. విడివిడిగా చూస్తే రెండూ మంచి మార్పులే.

దీనిని సరిచేయడానికి 250 మి.మీ. ముందున్న ముక్కులో 78 గ్రాముల సీసం కావాలి. ఈ లెక్కలో తోకలో పెరిగిన ఒక్కొక్క గ్రాముకు ముక్కులో 2.4 గ్రాములు చెల్లించవలసి వస్తున్నది. కనుక సీసం వెతికే ముందు తోకను తేలిక చేయాలి. ఎపాక్సీ ముద్దలకు బదులు పలుచని సూపర్ గ్లూ వాడి, పాత రంగును సాండ్ పేపర్‌తో పూర్తిగా తీసి, ఒకే పొర ప్లాస్టిక్ ఫిల్మును ఇస్త్రీతో అంటిస్తే సగం బరువు ఆదా కావచ్చు. బ్యాటరీని కూడా పాతదాని బరువుకే ఎంచుకుంటే, పనికిరాని సీసానికి బదులు ఎక్కువ సేపు పనిచేసే బ్యాటరీ దక్కుతుంది.

కొలిచేటప్పుడు రెక్క అడుగున గుర్తించిన స్థానాల వద్ద రెండు వేళ్ళపై గాని, రెండు మొనలు గల స్టాండుపై గాని విమానాన్ని నిలపాలి. రెక్క దేహానికి అడుగున ఉండే విమానాన్ని తలక్రిందులుగా నిలపడం అనుకూలం. బ్యాటరీ, ప్రొపెల్లర్, స్క్రూలు అన్నీ బిగించి ఉండాలి, ఇంధనపు ట్యాంకు ఖాళీగా ఉండాలి. ట్యాంకు గరిమనాభికి ముందు ఉంటుంది గనుక, ఇంధనం తరిగే కొద్దీ తూకం వెనుకకు జరుగుతుంది. పై విమానంలో 130 మి.మీ. ముందు 170 గ్రాముల ఇంధనం ఉంటే, నిండు ట్యాంకుకు, ఖాళీ ట్యాంకుకు మధ్య తేడా దాదాపు 11 మి.మీ. నిండు ట్యాంకుతో తూచిన విమానం పందెం చివరి చుట్లలో అదుపు తప్పడానికి కారణం ఇదే.

పక్క తూకం

చాలామంది ఈ పరీక్షను చేయకుండా వదిలేస్తారు. పందెపు విమానంలో అది పొరపాటు. ఇంజను పక్కకు తిరిగి ఉండే నిర్మాణంలో సైలెన్సర్ ఒకవైపే బరువు చేస్తుంది. మధ్యరేఖకు 70 మి.మీ. కుడివైపున 60 గ్రాముల సైలెన్సర్ ఉంటే, ఎడమ రెక్క కొసన, అనగా 600 మి.మీ. దూరంలో, 7 గ్రాములు పెడితే సరిపోతుంది. నేరుగా ఎగిరేటప్పుడు ఈ తేడాను ఐలరాన్ ట్రిమ్ కప్పిపుచ్చుతుంది. 17 రెట్ల మలుపులో మాత్రం ఆ 7 గ్రాముల లోటు దాదాపు 120 గ్రాముల లోటుగా పనిచేస్తుంది. ఎలివేటర్ లాగగానే విమానం కుడివైపుకు దొర్లుతూ మలుపు నుండి బయటకు జారుతుంది. నడిపేవారు తమ చేతివాటమే తప్పనుకుంటారు.

పరీక్ష సులభం. ముక్కు కొన వద్ద, తోక చివర దారాలు కట్టి వేలాడదీసి ఏ రెక్క వాలుతున్నదో చూడాలి. పైకి లేచిన రెక్క కొసలో చెక్క తొలిచి, సీసం పెట్టి, జిగురుతో మూసివేయాలి. దీనికి ముందు రెక్క మెలితిరిగి ఉన్నదేమో చూసుకోవాలి. మెలిక బరువుతో పోయేది కాదు. ఫిల్మును వేడి చేస్తూ రెక్కను ఎదురు దిశలో పట్టి ఉంచితే చిన్న మెలికలు సర్దుకుంటాయి.

ప్రొపెల్లర్

పాత విమానంతో వచ్చిన ప్రొపెల్లర్‌ను పారవేయాలి. కంటికి కనబడని పగులు ఉన్న ఆకు తిరిగే వేగంలో ఊడి వస్తే ప్రాణాపాయం. కొత్తదానిని కూడా తూచే బిగించాలి. ఇరుసుకు 100 మి.మీ. దూరంలో 0.1 గ్రాము తేడా ఉంటే, నిమిషానికి 18,000 చుట్ల వద్ద అది 35 న్యూటన్లకు పైగా బలంతో సెకనుకు 300 సార్లు ఇంజనును ఊపుతుంది. ఆ ఊపుకు సర్వోలు, అతుకులు పాడవుతాయి, ట్యాంకులో ఇంధనం నురగ కడుతుంది. బరువైన ఆకు వెనుక ముఖాన్ని సమంగా రుద్ది సరిచేస్తారు. అంచులో గాటు పెట్టరాదు. ఇంజను నడిచేటప్పుడు ప్రొపెల్లర్ తిరిగే తలంలో ఎవరూ నిలబడకూడదు.

రేడియో పరికరాలు

నికెల్-కాడ్మియం బ్యాటరీల రుణ తీగలో రాగి నల్లబడి, తీగ బాగున్నట్లే కనిపిస్తూ విద్యుత్తును సరిగా పోనివ్వదు. బ్యాటరీతో పాటు స్విచ్చి, తీగలు కూడా మార్చాలి. పాత సెట్లు అమెరికాలో 72 మెగాహెర్ట్జ్, ఐరోపాలో 35 మెగాహెర్ట్జ్ పట్టీలలో పనిచేసేవి. ఒకే ఛానెల్‌పై ఇద్దరు ట్రాన్స్‌మిటర్ వేస్తే విమానం కూలేది. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు ఈ ఇబ్బందిని చాలావరకు తొలగించాయి. సంకేతం తెగిపోతే ఇంజను వేగం తగ్గేటట్లు ఫెయిల్‌సేఫ్ అమర్చి, విమానాన్ని పట్టుకుని పరీక్షించాలి.

తొలి ఎగురవేత

గాలి తక్కువగా ఉన్న రోజు, జనం లేని మైదానంలో, ఎలివేటర్ కదలికను తగ్గించి పెట్టుకుని ఎగురవేస్తారు. ఎత్తుకు చేరిన తరువాత సగం వేగంలో తూకాన్ని, ట్రిమ్‌ను గమనించి, క్రమంగా వేగం పెంచుతారు. ఎక్కడైనా జుమ్మనే మోత వినబడితే అది ఫ్లట్టర్ కావచ్చు. వెంటనే ఇంజను వేగం తగ్గించి దించాలి. దిగిన తరువాత రెక్క అతుకు, కీలులు, ఇంజను గోడ మరల పరీక్షించి, ట్యాంకు ఖాళీ చేసి గరిమనాభిని ఇంకొకసారి కొలుస్తారు.