శక్కరు మనది, చీనీ ఎవరిది?



బోధనులోని శక్కర్‌నగర్ మీకందరికీ తెలుసు. నిజాంసాగర్ నీళ్లతో పండే చెరుకు కోసం 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వల్లనే ఆ పేట వెలిసింది. శక్కర్ అన్నా, చక్కెర అన్నా మూలం సంస్కృతంలోని శర్కరయే. మరి హిందీవారు తెల్ల చక్కెరను చీనీ అంటారు గదా! చీనీ అంటే చైనాది అని అర్థం. వస్తువు మనదైతే ఆ పేరు ఎట్లా వచ్చింది? దీని వెనుక వెయ్యేండ్ల రాకపోకలున్నవి.

618 నుండి 907 వరకు చైనాను తాంగ్ వంశంవారు ఏలారు. ఆ దేశంలోనూ చెరుకు ఉండేది. కాని రసాన్ని కాచి మంచి చక్కెర తీసే పనితనంలో మన మగధవారిది పైచేయి. ఆ రోజుల్లోనే హ్యూయన్‌త్సాంగ్ అనే బౌద్ధ యాత్రికుడు మన దేశమంతా తిరిగి, కృష్ణ ఒడ్డున ఉన్న ధాన్యకటకం కూడా చూచి, 645లో స్వదేశం చేరాడు. రెండేళ్లకు, అంటే 647లో, మగధ రాయబారులు చైనా దర్బారుకు వెళ్లారు. అప్పటి చక్రవర్తి తాయ్‌త్సుంగ్ చక్కెర వండే పద్ధతి నేర్చుకొని రమ్మని మగధకు మనుషులను పంపాడు. తరువాత యాంగ్‌చౌ ప్రాంతపు చెరుకు తెప్పించి ఆ ప్రకారమే వండించాడు. రంగులోనూ రుచిలోనూ అది పడమటి దేశాల సరుకును మించిందని వారి చరిత్రలో రాసుకున్నారు.

ఇందులో విశేషమేమంటే, చైనా సమాజంలో పండితునిది మొదటి వరస, రైతుది రెండవది, చేతిపనివానిది మూడవది, వర్తకునిది చివరిది. పరదేశపు దూతలు కానుకలు తెచ్చి తలవంచాలన్నది దర్బారు మర్యాద. అట్లాంటి దర్బారు పొయ్యి దగ్గర నిలబడే పనివాని విద్య కోసం పరదేశానికి మనిషిని పంపింది. అడగడం వల్ల చక్రవర్తికి చిన్నతనం రాలేదు.

సముద్రం మీద కూడా సరుకులు నడిచేవి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల్లో చైనా కర్పూరం ఉన్నది.

నేర్చుకున్నవారు అక్కడే ఆగలేదు. మింగ్ వంశపు చివరి రోజుల్లో, 1637లో వెలువడిన ఒక చేతిపనుల గ్రంథంలో చక్కెరను తెల్లబరిచే ఉపాయం ఉన్నది. అడుగున చిల్లి ఉన్న మట్టిపాత్రకు గడ్డి కుక్కి, కాచిన పాకం పోసి గట్టిపడనిస్తారు. గడ్డి తీసి, పైన పసుపు మట్టి కలిపిన నీళ్లు పోస్తారు. మెల్లగా దిగే ఆ నీరు మడ్డిని కడిగి కిందికి దించుతుంది. పైన తెల్ల చక్కెర నిలుస్తుంది. ఆ తెల్ల సరుకే మన దేశానికి వచ్చి చీనీ అనిపించుకున్నదని పండితులంటారు. 1796 ప్రాంతంలో చైనా చెరుకు కూడా కలకత్తా తోటకు చేరింది. అంతకుముందు సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దాన్ని పరీక్షించి, గట్టిదనం వల్ల చెదలకూ నక్కలకూ లొంగదని రాశాడు.

కాని ఆ సరికే చైనా దర్బారు తీరు మారింది. 1793లో చింగ్ వంశపు చక్రవర్తి చియెన్‌లుంగ్ ఇంగ్లండు రాజుకు, మా దగ్గర అన్నీ ఉన్నవి, మీ సరుకులతో పనిలేదని జవాబిచ్చాడు. యాభై ఏండ్లు తిరక్కముందే, 1839–42 నల్లమందు యుద్ధంలో ఇంగ్లీషు ఓడల ముందు ఆ సామ్రాజ్యం ఓడింది. ఓటమికి కారణాలు అనేకం. అయినా బయట జరిగే మార్పు తెలుసుకోకపోవడం వాటిలో ఒకటి.

మన సంగతి కూడా ఆలోచించండి. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు వేసేవారు తగ్గారు. ముచ్చెలు ఏరడం, కార్శి తోటను నిలపడం, నీళ్లలో వేసిన పాకం ఉండకట్టిందో లేదో చూచి పెనం దించడం, ఇవన్నీ పెద్దల చేతుల్లో ఉన్న విద్యలు. ఆ చేతులు ఖాళీగా ఉంటే విద్య కూడా పోతుంది. పోయిన తరువాత తాయ్‌త్సుంగ్ వలె మనమే ఎక్కడికో మనిషిని పంపాలి.

అందుచేత యువ రైతులారా, ఈ ఏడే మీ ఊరి చెరుకు పెద్దను అడిగి నేర్చుకోండి. విస్తరణ మిత్రులారా, మీరు చెప్పడానికి వెళ్లిన ఊళ్లో ఒక్కటైనా అడిగి రాసుకొని రండి.