షిన్‌హై విప్లవం (1911)

చైనాను 1644 నుంచి ఏలిన మంచూల చింగ్ వంశాన్ని కూల్చి, రెండువేల ఏళ్లకు పైబడిన చక్రవర్తుల పాలనకు ముగింపు పలికిన తిరుగుబాటు ఇది.

నల్లమందు యుద్ధాలు, తైపింగ్ తిరుగుబాటు, 1895లో జపాన్ చేతిలో పరాజయం సామ్రాజ్యాన్ని అప్పటికే గుల్ల చేశాయి. విదేశీయులపై తిరగబడిన బాక్సర్ల అలజడి అణిగాక, 1901లో విదేశీ రాజ్యాలు 45 కోట్ల తాయెల్ల వెండిని 39 ఏళ్లలో కట్టాలని పరిహారం విధించాయి. ఆ బరువు చివరికి రైతు మీదే పడింది. దర్బారు ఆలస్యంగా సంస్కరణలకు పూనుకుంది. 1905లో ఉద్యోగ పరీక్షలను రద్దు చేసింది, ఆధునిక సేనలను తయారు చేసింది. పాత దారి మూసుకుపోయిన చదువరులు ఎందరో ఆ సేనల్లో చేరారు. వారి వెంటే రహస్య విప్లవ సంఘాలూ ప్రవేశించాయి.

అసలు నిప్పు రాజుకున్నది సిచువాన్‌లో, రైలు మార్గం విషయంలో. అక్కడి రైల్వే కంపెనీకి మూలధనం చాలావరకు భూముల కౌలుపై వేసిన అదనపు వసూలు నుంచి వచ్చింది. అంటే పల్లెల సొమ్ము. 1911 మేలో ప్రభుత్వం ప్రధాన రైలు మార్గాలను స్వాధీనం చేసుకుని, వాటి నిర్మాణానికి విదేశీ బ్యాంకుల అప్పు తెచ్చుకుంది. సిచువాన్ వాటాదారులకు దక్కింది బాండ్లే. దుకాణాలు, బడులు మూతపడ్డాయి. జనం పన్నులు కట్టడం మానేశారు. సెప్టెంబరు 7న చెంగ్డూలో నాయకులను నిర్బంధించి, విడిపించమని వచ్చిన జనంపై కాల్పులు జరిపారు. నా దృష్టిలో రాజవంశం తన చావును తానే కొనితెచ్చుకున్న రోజు అదే. ఆ అలజడి అణచడానికి పొరుగు రాష్ట్రం హుబే నుంచి దళాలను పంపడంతో అక్కడి వుచాంగ్ నగరపు కావలి పలచబడింది.

అక్టోబరు 9న వుచాంగ్‌కు నది అవతల ఉన్న హాంకౌలో విప్లవకారుల బాంబు పొరపాటున పేలి, సభ్యుల జాబితాలు పోలీసుల చేతికి చిక్కాయి. ఇక ఆగితే ప్రాణాలు దక్కవని గ్రహించిన సైనికులు మర్నాటి రాత్రే వుచాంగ్‌లో తిరగబడ్డారు. కొద్ది వారాల్లో ఎన్నో రాష్ట్రాలు దర్బారుతో తెగతెంపులు చేసుకున్నాయి. అప్పుడు అమెరికాలో ఉన్న విప్లవ నాయకుడు సన్ యట్‌సెన్ తిరిగొచ్చి, 1912 జనవరి 1న నాన్‌జింగ్‌లో తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. అయితే ఉత్తరాది సైన్యం సేనాని యువాన్ షికాయ్ గుప్పిట్లో ఉంది. అతడి ఒత్తిడితో ఫిబ్రవరి 12న ఆరేళ్ల చక్రవర్తి పుయి పేరిట సింహాసన త్యాగ ప్రకటన వెలువడింది. సన్ తప్పుకోగా అధ్యక్ష పదవి యువాన్‌కే దక్కింది.

మంచూలు మగవారిపై రుద్దిన జడలు తెగాయి, గణతంత్రం వచ్చింది. షియాన్‌లో మాత్రం వేలాది మంచూలు, ఆడవాళ్లూ పిల్లలతో సహా, ఊచకోతకు గురయ్యారు. విప్లవగాథల్లో ఈ ఘోరాన్ని దాటవేయడం అన్యాయం. మంగోలియా వేరుపడింది. ఎన్నికల్లో తన పార్టీని గెలిపించిన సోంగ్ జియావోరెన్ 1913 మార్చిలో హత్యకు గురయ్యాడు. తానే చక్రవర్తి కావాలని చూసిన యువాన్ 1916లో మరణించాక దేశం సేనానుల పాలైంది. సిచువాన్‌లో వాళ్లు రైతుల నుంచి రాబోయే ఏళ్ల భూమిశిస్తును కూడా ముందుగానే వసూలు చేశారు.