అయిదు బోల్టులూ, ఒక ఘాట్ రోడ్డూ

అరకు వెళ్ళొచ్చిన వాళ్ళ ఫోనుల్లో కాఫీ తోటలూ బొర్రా గుహలూ అయ్యాక ఒక పాత మహీంద్రా జీపు ఫొటో కూడా ఉంటుంది చాలాసార్లు. అలాంటి జీపుని కొనుక్కుని, రంగు వేయించి, సీట్లు మార్పించి, చివరికి అలాయ్ వీల్స్ దగ్గర ఆగిపోయే కుర్రాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. "ఇవి దీనికి పడతాయా?" అన్నది షెడ్డులో పది నిమిషాల్లో తేలిపోయే ప్రశ్న. కానీ ఆ కొలతలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగితే కథ యుద్ధం దాకా, అక్కణ్ణుంచి మన్యం దాకా పోతుంది.

ముందు కొలత సంగతి చూద్దాం. జీపు హబ్బు మీద అయిదు స్టడ్‌లు ఉంటాయి. వాటి మధ్యబిందువుల మీదుగా ఒక వలయం గీస్తే దాని వ్యాసం అయిదున్నర అంగుళాలు, అంటే 139.7 మిల్లీమీటర్లు. దీన్నే పీసీడీ అంటారు. అయిదింటిలో ఏ రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉండవు కాబట్టి టేపు పెట్టి నేరుగా కొలవలేం. పక్కపక్కనున్న రెండు స్టడ్‌ల మధ్య దూరం కొలిచి 1.701తో గుణించాలి. 82 మిల్లీమీటర్లు వచ్చిందంటే అది జీపు కొలత. 94 వస్తే అది 160 పీసీడీ, మొదటి తరం స్కార్పియోది. ఆ రిమ్ము ఎంత అందంగా ఉన్నా జీపుకి ఎక్కదు. మారుతీ జిప్సీది మాత్రం అదే అయిదు, అదే 139.7. 2020లో వచ్చిన థార్‌ది కూడా 139.7యే, కానీ బోల్టులు ఆరు. అంకె కలిసినా లెక్క కలవదు.

ఈ అయిదున్నర అంగుళాలు జీపు కోసం పుట్టినవి కావు. 1928 నాటి మోడల్ ఏ నుంచి ఫోర్డ్ కార్లలో ఇదే కొలత ఉంది. 1940లో అమెరికా సైన్యం ఒక తేలికపాటి బండి కావాలంటే బాంటమ్ కంపెనీ మొదటి నమూనా చేసింది. చివరికి విల్లీస్ డిజైను గెలిచింది. అవసరం ఎక్కువై ఫోర్డ్ చేత కూడా అదే బండిని చేయించారు. యుద్ధం ముగిసేసరికి రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకి పైగా తయారుచేశాయి. షరతు ఒకటే: ఒకరి బండి విడిభాగం ఇంకొకరి బండికి పట్టాలి. అది సౌకర్యం కోసం పెట్టింది కాదు. యుద్ధభూమిలో చక్రం దొరకని బండిలో ఉన్నవాళ్ళు చచ్చిపోతారు.

ఇక్కడికి ఆ బండి రావడం మన దేశచరిత్రతో ముడిపడిన సంగతి. 1945లో మొదలైన మహీంద్రా అండ్ మహమ్మద్ కంపెనీ భాగస్వామి గులాం మహమ్మద్ దేశవిభజనతో పాకిస్తాన్ వెళ్ళి ఆ దేశానికి తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ లైసెన్సుతో బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టింది. సీజే-3బీ వచ్చింది, ఎమ్మెమ్ 540 వచ్చింది. ఇంజన్లు మారాయి, చక్రం కొలత మారలేదు.

అయితే మన్యంలో జీపు కంటే ముందు రోడ్డు వచ్చింది. రోడ్డు కంటే ముందు వెట్టి వచ్చింది. గూడెం తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనులకి గిరిజనుల్ని బలవంతంగా పెట్టి, కూలి ఎగ్గొట్టడం అల్లూరి తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరగడానికి ముందు ఆ కొండల్లో జరిగిన కథ సగం రోడ్డు కథే. చక్రం ఎక్కడానికి వీలుగా కొండని చెక్కింది ఎవరో, ఆ చక్రం మీద ఎక్కింది ఎవరో వేరువేరు. 2022లో అరకు, పాడేరు కలిసిన కొత్త జిల్లాకి అల్లూరి పేరు పెట్టినప్పుడు ఈ ముక్క ఎంతమందికి గుర్తొచ్చిందో మరి.

స్వాతంత్ర్యం తర్వాత జీపంటే సర్కారు. ఫారెస్టు వాళ్ళది, పోలీసులది, బ్లాకు ఆఫీసుది. కొన్నేళ్ళకి అదే జీపు పాతబడి చేతులు మారి, సంతకి మనుషుల్నీ పసుపు మూటల్నీ మోసే సర్వీసు బండి అయింది. లోపల చోటు చాలక వెనకాల వేలాడుతూ నిలబడేవాళ్ళు. సర్కారు బండి జనం బండి కావడం కూడా ఒక రకం చరిత్రే. దానికి శాసనాలు లేవు, రిపేరు షెడ్లున్నాయి.

ఆ షెడ్లలో తెలిసే మిగతా లెక్కలు ఇవి. పాత జీపుల్లో ఎడమవైపు స్టడ్‌లకి మరలు ఎడమకి తిరుగుతాయి, చక్రం తిరిగే దిశకి నట్లు వదులవకుండా. ఇది తెలియక బలం పెడితే స్టడ్ విరుగుతుంది. రిమ్ము మధ్య రంధ్రంలోంచి హబ్బు దూరాలి. లోపలి అంచు బ్రేకు డ్రమ్ముకీ టై రాడ్డుకీ తగలకూడదు. అసలు రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలే. వెడల్పాటి అలాయ్ వేస్తే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు స్ప్రింగు పట్టీకి రాసుకోవచ్చు. ఆ ఇబ్బంది తప్పిద్దామని ఆఫ్‌సెట్ మార్చి చక్రాన్ని బయటికి జరిపితే బేరింగుల మీదా స్టీరింగు మీదా భారం పెరుగుతుంది. కాబట్టి బిగించగానే సరిపోదు. జాకీ మీద ఉన్నప్పుడోసారి, బరువుతో నేల మీద నిలబెట్టి ఇంకోసారి, రెండువైపులా చివరిదాకా తిప్పి చూడాలి. ఘాట్ రోడ్డు మలుపులో తెలుసుకోవాల్సిన విషయం కాదది.

ఇంకో తేడా ఉంది. రాయి తగిలితే ఇనప రిమ్ము సొట్టపోతుంది, సుత్తితో కొట్టి ఎలాగోలా ఊరు చేరొచ్చు. అలాయ్ అయితే పగులుతుంది. చట్టం సంగతీ చూసుకోవాలి. తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ గుర్తింపు కావాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి. మీ జీపు ఆ వయసుదైతే పాత రిమ్ములు అమ్మేయకండి.

నగరంలో ఈ ప్రశ్న మనకో సరదా. చక్రాన్ని బండికి సరిపోల్చుకుంటాం, రోడ్డు ఎలాగూ ఉంటుందని నమ్మకం కాబట్టి. అదే కొండల్లో, జీపు ఆగిపోయిన చోటు నుంచి గర్భిణుల్ని డోలీలో మోసుకొస్తున్న గూడేలు ఇంకా ఉన్నాయి. రెండు భుజాలు, ఒక కర్ర, ఒక దుప్పటి. దానికి పీసీడీ లేదు, ఆఫ్‌సెట్ లేదు. వందేళ్ళ కిందట ఎవరి చేత రోడ్డు వేయించారో వాళ్ళ మనవల్లో కొందరి ఇంటిదాకా ఆ రోడ్డు ఇంకా చేరనే లేదు.